వేరే వారసులెవరూ లేరు

అల్లిపురంలో నా పేరున ఉన్న రెండు గదుల ఇంటిని నా కూతురు ప్రేమలీలకు దఖలు పెట్టాలని నేను నిశ్చయించుకున్న సంగతి ఈ కథ చదువుతున్నవారికి తెలిసిందే. వకీలు అక్కర్లేదన్నాను. బంధువులు నవ్వారు. నా కొడుకు జాన్‌బాబు పచ్చకామెర్లతో పోయి పది నెలలైంది. అప్పటినుంచి ఏ పనినీ రేపటికి వదిలే ధైర్యం నాకు లేదు. ముప్పయ్యేళ్ళుగా పిల్లలకు తెలుగు చెబుతున్నదాన్ని, నా ఇల్లు నా కూతురికి ఇస్తున్నానని నా మాటల్లో రాసుకోలేనా? స్టాంపు కాగితాలు తెచ్చుకుని నేనే రాశాను. గురువారం ఉదయం లీలను వెంటబెట్టుకుని రిజిస్ట్రారాఫీసు వరండా ఎక్కాను.

ఆ వరండాలో దస్తావేజులు రాసేవాళ్ళు వరసగా వాలుబల్లలు వేసుకుని కూర్చుంటారు. మూడో బల్ల వీరన్నది. అతను ఆరో తరగతిలో నా విద్యార్థి. నన్ను చూడగానే లేచి, తన కుర్చీ తుడిచి ముందుకు జరిపాడు.

“కూకోండి టీచరమ్మగోరూ. ఏటి, మీరే రాసుకొచ్చీసినారట? మరి మేవేటి తినాలమ్మా?”

“నువ్వు సాక్షి సంతకం పెట్టు వీరన్నా. అది నేను రాసుకోలేను కదా.”

“ఆ రోజుల్లో ఒత్తులు ఒదిలేత్తన్నానని గోడకుర్చీ ఏయించినారు. ఇప్పుడు సూడండి, నా రాత కోసం జనాలు లైను కడతన్నారు.”

“ఇప్పుడు ఒత్తులు పెడుతున్నావా?”

“ఎక్కువే పెడతన్నానమ్మా. తక్కువైతే మీరు గుర్తొత్తన్నారు.”

పక్కింటి నరసింహమూర్తి గారు నవ్వారు. ఆయన గోదావరి జిల్లా మనిషి, పోర్టులో ఉద్యోగం. నా రెండో సాక్షిగా సంతకం పెట్టడానికి పూటకి సెలవు పెట్టి వచ్చారు. లీల మాత్రం నవ్వలేదు. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసి, నిద్రపోకుండానే నాతో వచ్చింది. అలసట అనుకున్నాను.

“సంతకాలు కానిద్దామా?” అన్నాను.

“సదవండమ్మా ముందు,” అన్నాడు వీరన్న. “ఇచ్చేవోరు, పుచ్చుకునేవోరు, సాచ్చులు, అందరూ ఇనాల. ఇనకుండా నాను సంతకం ఎట్టను.”

ఆ వరండాలో అది అలవాటు. పైకి చదవని దస్తావేజును అక్కడ దస్తావేజుగా లెక్కచేయరు. కళ్ళజోడు సర్దుకుని, తరగతిలో చదివే గొంతుతోనే చదివాను. పక్క బల్లల దగ్గర కూడా మాటలు తగ్గాయి.

“కీర్తిశేషులు జ్ఞానశేఖర్ గారి భార్య దేవకుమారి తన కుమార్తె ప్రేమలీలకు ఇష్టపూర్వకంగా రాసి ఇచ్చిన దఖలు దస్తావేజు. ఈ ఇల్లు నా సంపాదనతో కట్టినది. దీని మీద అప్పులు గాని, తగాదాలు గాని లేవు. హద్దులు: తూర్పున నరసింహమూర్తి గారి గోడ...”

“ఆయ్, నా గోడ కూడా ఎక్కిందండీ దస్తావేజులోకి!” అన్నారాయన. “మా ఆవిడకి చెప్పాలి. ఆ గోడ అచ్చిరాలేదని రోజూ తిడుతుంది.”

“...దక్షిణాన మునిసిపాలిటీ కాలువ, పడమర వీధి, ఉత్తరాన నా పెరటి బావి. నాకు నీవు తప్ప వేరే వారసులెవరూ లేరు గనుక, నీ మీద నాకు గల ప్రేమాభిమానాల చేత...”

“అమ్మా, ఆగు.”

ఆగాను. లీల నా వైపు చూడడం లేదు. కాగితం వైపు చూస్తోంది.

“ఆ మాట తీసెయ్.”

“ఏ మాట?”

“వారసులెవరూ లేరన్న మాట.”

“అది ఉన్న విషయమే కదా లీలా.”

“ఆ మాట ఉంటే నాను పుచ్చుకోను.”

నేను వీరన్న వైపు చూశాను, ఏదైనా అంటాడేమోనని. అతను తన కలంలో సిరా పోసుకోవడం మొదలుపెట్టాడు. కలం నిండి సిరా పొంగినా పోస్తూనే ఉన్నాడు.

పుచ్చుకునే మనిషి ఒప్పుకోకపోతే దానం చెల్లదు. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. లైబ్రరీలో ఆస్తి బదిలీ చట్టం తీయించి, ఆ భాగం చదివి, అర్థం చేసుకునే దస్తావేజు రాశాను. చివరి పేజీ కింద లీల అంగీకారానికి చోటు కూడా వదిలాను. లీలను ఒక్క మాట అడగడం మాత్రం నాకు తోచలేదు. నేను చెప్పింది పిల్లలు రాసుకోవడం నాకు అలవాటు.

“నరసింహమూర్తి గారూ, ఒక్క నిమిషం,” అని లేచాను. లీలను తీసుకుని ఆఫీసు వెనక సైకిళ్ళు పెట్టే రేకుల షెడ్డులోకి వెళ్ళాను. అక్కడ ఎవరూ లేరు.

“చెప్పు,” అన్నాను.

“తమ్ముడుంటే ఈ ఇల్లు నాకిచ్చేదానివా?”

అదన్నమాట సంగతి, అనుకున్నాను. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉంది.

“ఇద్దరికీ రాసేదాన్ని. ముందు గది నీకు, వెనక గది వాడికి. వాడు షిప్‌యార్డు నుంచి వచ్చి స్నానం చేస్తాడు గనుక బావి వైపు వాడికి ఉండాలని కూడా అనుకున్నాను. నిన్ను తక్కువ చేసి ఎప్పుడూ ఆలోచించలేదు.”

“నాను అందుకు అడగలేదు. వాడి గది నాకెందుకు రాత్తన్నావ్?”

“వాడు లేడు గనుక.”

ఈ మాటను పది నెలల్లో నేను పైకి అనడం అదే మొదటిసారి. పాదిరిగారి దగ్గర, బడిలో, వచ్చిపోయే చుట్టాల దగ్గర వేరే మాటలతో నెట్టుకొచ్చాను. అన్నాక షెడ్డు రేకులు అలాగే ఉన్నాయి, బయట రిక్షా బెల్లు మోగుతూనే ఉంది.

లీల నా చెయ్యి పట్టుకుంది.

“వాడు లేడమ్మా. వాడి కూతురుంది.”

తరగతిలో ఎవరైనా పొంతన లేని జవాబు చెబితే నేను కోప్పడను. మళ్ళీ చెప్పమంటాను. ఇప్పుడూ అదే చేశాను.

“మొదటి నుంచి చెప్పు. తొందర లేదు.”

చెప్పింది. ఆ అమ్మాయి పేరు భ్రమరాంబ. ఆనందపురం వాళ్ళు. తండ్రి పూల తోటల రైతు. తెల్లవారకుండా పూల బుట్టలు పూర్ణా మార్కెట్‌కు తెచ్చేవాడు. కూతురు వెంట వచ్చి అమ్మిపెట్టేది. జాన్‌బాబు ప్రతి శనివారం చర్చికి పూలు కొనడానికి అక్కడికే వెళ్ళేవాడు. వాణ్ణి పంపింది నేనే. బంతిపూలు వద్దు, లిల్లీలు తెమ్మని చెప్పి పంపేదాన్ని. వాడు ఒక్కోసారి బంతిపూలే తెచ్చేవాడు. లిల్లీలు దొరకలేదనేవాడు.

“పెళ్ళెక్కడ చేసుకున్నాడు?”

“ఇక్కడే. ఈ ఆఫీసులోనే. నోటీసు నెల్లాళ్ళు ఆ వరండా గోడ మీదే ఉంది. నాను సాక్షి సంతకం పెట్టినాను.”

పొట్లం కట్టిన కాగితం కూడా విప్పి చదివే మనిషిని నేను. నా కొడుకు పెళ్ళి నోటీసు నెల రోజులు ఊరందరి ఎదుట గోడ మీద ఉంది. నాకు ఆ వీధిలో పని పడలేదు.

“ఇంకెవరు సాక్షి?”

“షిప్‌యార్డులో వాడి స్నేహితుడొకడు. మరి...” లీల వరండా వైపు చూసింది. “వీరన్న.”

అతను దస్తావేజు చదవమని ఎందుకు పట్టుబట్టాడో అప్పుడు అర్థమైంది.

“నాకు ఎందుకు చెప్పలేదు వాడు?”

“ఈస్టరు అయ్యాక సెప్తానన్నాడు. ఈస్టరు అయ్యాక, అమ్మ పరీక్ష పేపర్లు దిద్దుతంది, సెలవలు రానీ అన్నాడు. సెలవల్లో నీకు బీపీ ఎక్కువైంది. ఆ తరవాత వాడికే జొరం వచ్చింది.”

“ఆసుపత్రిలో ఉన్న వారం రోజులు?”

“భ్రమరాంబా వచ్చిందమ్మా, రోజూ. వార్డు గుమ్మం అవతల నిలబడేది.”

“నేను చూడలేదు.”

“సూసినావు. ఆయా అనుకున్నావు. మంచినీళ్ళు తెమ్మన్నావు.” లీల గొంతు తగ్గించింది. “తెచ్చింది.”

ఆ గ్లాసు గుర్తుంది నాకు. గ్లాసు పట్టుకున్న చెయ్యి గుర్తుంది, మట్టిగాజులు, తడిసిన వేళ్ళు. ముఖం ఎంత ప్రయత్నించినా గుర్తు రాలేదు. నేను పైకి చూడకుండానే తాగి, గ్లాసు తిరిగి ఇచ్చాను.



“పాప పుట్టినప్పుడైనా నాకు చెప్పవలసింది,” అన్నాను.

“సెప్దామన్నాను. అదే ఒప్పుకోలేదు. కొడుకు పోయిన ఇంటికి ఇప్పుడెల్తే ఇంటి కోసం వచ్చిందంటారు, ఆవిడ పిలిస్తేనే వత్తాను, లేకపోతే నా పిల్లని నాను పెంచుకుంటాను అంది. నా మీద ఒట్టేయించుకుంది. పెందుర్తిలో ఒక గది అద్దెకి తీసుకుని కుట్టు మిషను పెట్టుకుంది. ఆదివారం నాను డ్యూటీ అని సెప్పి ఎల్లేది అక్కడికే.” లీల కళ్ళు తుడుచుకుంది. “ఇప్పుడు సెప్పమ్మా. వారసులెవరూ లేరని నువ్వు సదివితే, నాను కింద సంతకం పెట్టి, మళ్ళీ ఆదివారం ఆ గుమ్మంలోకి ఏ మొహంతో ఎల్లను?”

నా కూతురికి ఇరవై ఎనిమిదేళ్ళు. ఒక ఇల్లు చేతికి వస్తుంటే వద్దని అనగలిగిన మనిషి. నేను ఆ దస్తావేజులో ప్రేమాభిమానాలని రాశాను గానీ, గౌరవమని రాయలేదు. రాయవలసింది.

“ఇవాళ నువ్వు సంతకం పెట్టక్కర్లేదు,” అన్నాను. “పద.”

మేము వరండా ఎక్కేసరికి లోపలి నుంచి బంట్రోతు కేకేస్తున్నాడు. “దేవకుమారి! దఖలు! ఎవరమ్మా దేవకుమారి?”

“నేనే. ఇవాళ రిజిస్ట్రీ లేదు.”

“అదేటమ్మా, టోకెను తీసుకున్నారు కదా!”

“తప్పు ఒకటి దొరికింది. దిద్దుకుని వస్తాను.”

అతను ఏదో గొణుక్కుంటూ తరువాతి పేరు పిలిచాడు. నేను వీరన్న బల్ల ముందు నిలబడ్డాను. అతను నిలబడే ఉన్నాడు, వేళ్ళ నిండా సిరా.

“వీరన్నా.”

“టీచరమ్మా.”

“మా వాడి పెళ్ళికి సాక్షి సంతకం పెట్టావట.”

“పెట్టినానమ్మా.” తల వంచుకున్నాడు. “జాన్‌బాబుగోరు ఎవలికీ సెప్పొద్దన్నాడు. ఆపైన సెప్పడానికి ఆయనే లేకపోయినాడు. మీకు ఎదరపడితే నోరు పెగల్లేదు నాకు.”

“నీ పేరులో ఒత్తు పెట్టావా ఆ రోజు?”

“పెట్టినానమ్మా. రెండుసార్లు సూసుకున్నాను.”

“మంచిది,” అన్నాను. కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాను.

నరసింహమూర్తి గారు నా వైపు తిరిగారు. “సెలవు ఇంకో పూట పెడతానండి. దానికేముందండీ,” అన్నారు.

“వచ్చే వారం కొత్త దస్తావేజు రాస్తాను. పుచ్చుకునేవాళ్ళు ఇద్దరుంటారు. అది కూడా నేనే రాస్తాను, వకీలు అక్కర్లేదు.”

“మా గోడ హద్దు మారదు కదండీ?”

“మారదు.”

“అయితే సరేనండి. మా ఆవిడ ఊరుకుంటుంది.”

బస్సుల కాంప్లెక్సు దగ్గర పెందుర్తి బస్సు దొరికింది. లీలను కిటికీ పక్కన కూర్చోమన్నాను. ఆమె నిద్ర లేక తూలుతోంది. నాకు మాత్రం చాలా నెలల తరువాత వీధులు స్పష్టంగా కనబడుతున్నాయి. ఉక్కు ఫ్యాక్టరీకి ఇనుము మోసే లారీలు ఎదురొస్తున్నాయి. గోపాలపట్నం దాటాక అడిగాను.

“ఎలాంటి మనిషి?”

“నీలాగే. అన్న మాట అన్నట్టే ఉంటాది.”

“అయితే కష్టమే.”

లీల కళ్ళు మూసుకునే నవ్వింది. “పాపకి అయిదో నెల. ఇంకా పేరు పెట్టలేదు. నాయనమ్మ పెట్టాలని వాడు అన్నాడట. అందుకని ‘పాప’ అనే పిలుత్తన్నాం.”

ఎన్ని వేల పేర్లు హాజరుపట్టీలో పిలిచానో నాకే తెలియదు. ఒక్కొక్కటీ మనసులోకి తెచ్చుకుని పక్కన పెట్టాను. ముందు ఆ అమ్మాయితో మాట్లాడాలి. ఏమనాలో సిద్ధం చేసుకున్నాను. ఇంటి మాట అనకూడదు. దస్తావేజు సంచిలోంచి తీయకూడదు. ఆసుపత్రిలో నాకు మంచినీళ్ళు ఇచ్చావు, ఇప్పుడు మా ఇంటికి వచ్చి మంచినీళ్ళు తాగు అనాలి. అంతే. ఆ తరువాత ఆమె ఏమంటే అది వినాలి. వస్తుందన్న నమ్మకం నాకు ఉంది. లీలలాంటి మనిషి వారం వారం వెళ్ళి వస్తున్నదంటే, ఆ గుమ్మంలో చెడ్డతనం ఉండదు.

పెందుర్తిలో బస్సు దిగి కొత్త కాలనీ వైపు నడిచాం. సగం కట్టిన ఇళ్ళు, ఇసుక గుట్టలు. చివర పెంకుటిల్లు పోతమ్మది. వెనక వాటా భ్రమరాంబకు అద్దెకిచ్చింది ఆమే. గేటు దగ్గర మమ్మల్ని చూడగానే లోపలి నుంచి పరుగున వచ్చింది. చంకలో పిల్ల.

“ఓలమ్మా, లీలమ్మా, వచ్చినావా తల్లీ! నీకు కబురంపుదామంటే మనిసి దొరకలేదు.”

“భ్రమరాంబేది?”

“పొద్దున్న వాలన్న, అదే భ్రమరాంబ తోడబుట్టినోడు, లారీ ఏసుకొచ్చినాడు. అమ్మకి సావుబతుకులుగా ఉంది, బేగి రా అన్నాడు. ఏడుత్తా బయల్దేరింది. పిల్లని తేవొద్దన్నాడు. సచ్చిపోయే మనిసి మనవరాల్ని సూడదేటి అన్నాను. అప్పుడు ఆ పిల్లకీ అనుమానం తగిలింది. అయినా తల్లి కదమ్మా, ఆగలేకపోయింది. లారీ ఎక్కబోతా ఎనక్కొచ్చి దీన్ని నా సేతిలో ఎట్టీసింది.”

“ఏమంది?” అన్నాను.

పోతమ్మ నన్ను అప్పుడు చూసింది. పిల్లను రెండో చంకకు, నాకు దూరంగా మార్చుకుంది.

“ఈవిడెవులు లీలమ్మా?”

లీల జవాబు చెప్పబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

“జాన్‌బాబు తల్లిని. ఈ పాపకు నాయనమ్మను.”

పోతమ్మ నా ముఖంలోకి చాలాసేపు చూసింది. పరీక్షలో ఇంత శ్రద్ధగా చూసే పర్యవేక్షకులు నాకు ఎప్పుడూ తగల్లేదు. తరువాత పిల్లను నా చేతుల్లో పెట్టింది.

“నాయనమ్మ సేతికి తప్ప ఎవలికీ ఇవ్వకు, వాలన్నకి కూడా ఇవ్వకు అంది. నాయనమ్మెక్కడుంది, ఎప్పుడొత్తాది అనడిగినాను. ‘ఒకనాడు వత్తాది’ అంది.”

పాప బరువుగా ఉంది, వెచ్చగా ఉంది. నేను పోలికలు వెతకలేదు. వెతకవలసిన అవసరం లేకపోయింది.

“ఆమె తల్లికి నిజంగా బాగాలేదా?” అన్నాను.

“ఏటి బాగులేకపోడం! ఆ పిల్ల లారీ ఎక్కీసినాక డ్రైవరు నీళ్ళు తాగడానికొచ్చి నా దగ్గర నోరు జారినాడు. నాను గేటు దాటేలోపు లారీ కదిలిపోయింది. ఆదివారం ముగుర్తం ఎట్టీసినారట. రెండో సంబంధం. పిల్ల సంగతి పెళ్ళికొడుక్కి సెప్పలేదట.”

లీల అరుగు మీద కూర్చుండిపోయింది. “అమ్మా, ఇవాళ గురువారం.”

“తెలుసు. ఆనందపురం బస్సు ఎక్కడ ఆగుతుంది పోతమ్మా?”

“సింహాచలం మీద నుంచి ఎల్లాలి. ఆ ఊర్లో మీ మాట ఎవలింటారమ్మా? వాలన్న మంచోడు కాదు.”

“వినేదాకా చెబుతాను. నా పనే అది.”

అంతలో కాలనీ మలుపులో లారీ ఆగిన చప్పుడైంది. తలుపు పడింది. ఇసుకలో అడుగుల చప్పుడు ఇటువైపే వస్తోంది. పోతమ్మ గేటు మీంచి తొంగి చూసింది.

“వాడే,” అంది. “పొద్దున్న పిల్లని తేవొద్దన్నోడు ఇప్పుడు పిల్ల కోసమే మల్లీ వచ్చినాడు, ఏటి సేత్తాడో! పెరటిదారిన పోండమ్మా, బేగి!”

లీల లేచి నా చెయ్యి లాగింది. నేను కదల్లేదు. పాపను ఎడమ భుజానికి మార్చుకుని, ముందుకు నడిచి గేటు నేనే తీశాను.